డచ్ చరిత్రను ఎక్కడ మొదలుపెట్టి చదవాలి? రాజు లేని దేశానికి రాజు ఎలా వచ్చాడు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయి లైడెన్‌లో పీజీకి చేరింది, మీరు వచ్చి కొన్నాళ్లు ఉండబోతున్నారు, ఈలోపు ఈ దేశం చరిత్ర ఒకసారి చదువుదామని కూర్చున్నారు. ఒకచోట రిపబ్లిక్ అని ఉంది, ఇంకోచోట రాజ్యం అని ఉంది. మధ్యలో స్పెయిన్, ఫ్రాన్స్, ఆరెంజ్ వంశం. హాలండ్, నెదర్లాండ్స్ ఒకటేనా అన్నది ఇంకో అనుమానం. చివర్లో అసలు ప్రశ్న: ఇంత చిన్న దేశం వాళ్లు మన మచిలీపట్నం దాకా ఎందుకొచ్చారు?

సూటి జవాబు ముందే చెప్పేస్తాను. మనకు అలవాటైన చరిత్రల్లో ముందు రాజులు, తర్వాత ప్రజాప్రభుత్వం. ఇక్కడ వరస తిరగబడింది. ముందు రెండు శతాబ్దాలు రిపబ్లిక్, ఆ తర్వాతే రాజు. 1588 నుంచి 1795 దాకా ఏడు ప్రావిన్సులు కలిసి నడుపుకున్న రిపబ్లిక్. ఇప్పుడున్న రాజ్యం 1815లో మొదలైంది. రాజుల జాబితా పట్టుకుని చదివితే అందుకే ఏమీ అంతుబట్టదు. ఇక్కడ ఎప్పుడూ ఊళ్లు పెద్దవి, ప్రావిన్సులు పెద్దవి. నడిమధ్య ఉండే అధికారం బలహీనం. ఎవరైనా వచ్చి ఆ నడిమి అధికారాన్ని గట్టిపరచాలని చూసినప్పుడల్లా గొడవ జరిగింది. ఆ గొడవలను వరసగా చదివితే చరిత్ర చాలావరకు వచ్చేసినట్టే.

నేను హేగ్‌లో ఉంటాను. ఇక్కడి జాతీయ ఆర్కైవ్‌లో డచ్ ఈస్టిండియా కంపెనీ కోరమాండల్ (మన తూర్పు తీరం) కాగితాలు చదవడం నా పని. సెలవు రోజుల్లో మనవాళ్లకు ఊళ్లు తిప్పి చూపిస్తుంటాను. మ్యూజియంలో 17వ శతాబ్దపు చిత్రకారుడు రెంబ్రాంట్ బొమ్మల ముందు నిలబడగానే ఎవరో ఒకరు అడుగుతారు, "ఆ కాలంలో రాజెవరండీ?" అని. ఎవరూ లేరు. ఆ బొమ్మల్లో ఉన్నది బట్టల వ్యాపారులు, ఊరి కాపలా దళం వాళ్లు, అనాథాశ్రమం నడిపే కమిటీ పెద్దలు. బొమ్మలకు డబ్బిచ్చిందీ వాళ్లే.

హాలండ్ సంగతి తేల్చేద్దాం. హాలండ్ అనేది ఒక ప్రావిన్సు. ఇప్పుడు అది ఉత్తర హాలండ్, దక్షిణ హాలండ్ అని రెండుగా ఉంది. దేశంలో మొత్తం ప్రావిన్సులు 12, దేశం పేరు నెదర్లాండ్స్. రిపబ్లిక్ కాలంలో ఉమ్మడి ఖర్చులో సగానికి పైగా హాలండ్ ఒక్కటే భరించేది, ఎక్కువ ఓడలూ దానివే. అందుకే బయటివాళ్లకు ఆ పేరే అలవాటైంది. ఫ్రీస్‌లాండ్ వాళ్లను హాలండ్ వాళ్లని మాత్రం అనకండి, నొచ్చుకుంటారు.

1500కు ముందు

ఇది త్వరగా దాటేయొచ్చు. రోమన్లకు రైన్ నది సరిహద్దు. దానికి దక్షిణాన వాళ్ల కోటలు, ఉత్తరాన ఫ్రీసియన్లు. క్రీ.శ. 69లో బటావియన్లు అనే తెగ రోమ్ మీద తిరగబడింది. 1500 ఏళ్ల తర్వాత డచ్ వాళ్లు ఈ బటావియన్లే మా పూర్వీకులని చెప్పుకుని, జావాలో కట్టిన రాజధానికి బటావియా అని పేరు పెట్టుకున్నారు (ఇప్పటి జకార్తా). చరిత్రలో దీని బరువు తక్కువ, గొప్పలు చెప్పుకోవడానికి మాత్రం బాగా పనికొచ్చింది. తర్వాత ఫ్రాంకులు, క్రైస్తవ మత ప్రచారకులు, వైకింగుల దాడులు. ఆపైన హాలండ్ కౌంటు, గెల్డర్స్ డ్యూకు, ఉట్రెక్ట్ బిషప్పు లాంటి చిన్న చిన్న ప్రభువులు.

నీళ్ల విషయం దగ్గర కాస్త ఆగాలి. "సముద్రంతో పోరాడారు, కరకట్టలు కట్టడానికి అందరూ కలవాల్సి వచ్చింది, అందుకే ప్రజాస్వామ్యం పుట్టింది" అనే కథ ప్రతి గైడూ చెబుతాడు. నాకు ఆ కథ మీద పూర్తి నమ్మకం లేదు. 13వ శతాబ్దం నుంచీ నీటి బోర్డులు ఉన్న మాట నిజం. కానీ వాటిలో మాట చెల్లింది భూమి ఉన్నవాళ్లకే. కరకట్టలు కట్టుకున్న దేశాలు లోకంలో ఇంకా చాలా ఉన్నాయి, అన్నిచోట్లా రిపబ్లిక్కులు రాలేదు.

నీళ్లు చేసిన అసలు పని వేరు. హాలండ్‌లో నేల చాలాచోట్ల పీట్, అంటే సగం కుళ్లిన మొక్కలు పొరలు పొరలుగా పేరుకున్న మెత్తటి నేల. సాగు కోసం కాలువలు తవ్వి నీళ్లు తీసేస్తే అది ఎండి కుంగిపోతుంది. కుంగేకొద్దీ నీళ్లు మళ్లీ ఎక్కుతాయి. 14, 15 శతాబ్దాలకల్లా చాలాచోట్ల తిండిగింజలు పండించడం కష్టమైపోయింది. గడ్డి మాత్రం బాగా పెరుగుతుంది. దాంతో రైతులు పశువుల వైపు, వెన్న, చీజ్ వైపు మళ్లారు. మిగిలినవాళ్లు చేపల వేటకు, ఓడల పనికి, ఊళ్లలో చేతిపనులకు వెళ్లారు. రొట్టెకు కావలసిన గింజలు బాల్టిక్ తీరం నుంచి ఓడల్లో తెచ్చుకోవడం మొదలైంది. అంటే నేల కుంగడం వల్ల జనం ఓడలెక్కారు. ఆ తర్వాత వచ్చిన వ్యాపారానికంతటికీ పునాది ఇదేనని నా అభిప్రాయం.

తిరుగుబాటు: 1566 నుంచి 1588

ఒక్క ఘట్టమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

15వ శతాబ్దంలో బుర్గుండి డ్యూకులు ఈ ప్రావిన్సులను పెళ్లిళ్లతో, కొనుగోళ్లతో, యుద్ధాలతో ఒక్కొక్కటిగా కలుపుకున్నారు. అవి వారసత్వంగా హాబ్స్‌బర్గ్ వంశానికి చేరాయి. గెంట్ నగరంలో పుట్టిన ఐదో చార్లెస్ మొత్తం 17 ప్రావిన్సులకు ప్రభువయ్యాడు. ఇప్పటి బెల్జియం కూడా అందులో భాగమే. 1555లో ఆయన కొడుకు రెండో ఫిలిప్‌కు ఇవి దక్కాయి. స్పెయిన్‌కూ రాజైన ఫిలిప్ 1559లో అక్కడికి వెళ్లిపోయి మళ్లీ తిరిగి రాలేదు.

ఫిలిప్‌తో తగాదా రెండు విషయాల మీద. ఒకటి మతం: ప్రొటెస్టెంట్లను మరణశిక్షలతో అణచాలని ఆయన పట్టుదల. ఇక్కడి ఊరి పెద్దలు చాలామంది తామూ కాథలిక్కులే అయినా, తమ ఊరివాళ్లను మతం పేరుతో కాల్చి చంపడం వాళ్లకు ఇష్టం లేదు. రెండోది డబ్బు, అధికారం: పన్నులు మమ్మల్ని అడిగి వేయాలి, మా పాత హక్కులు మాకుండాలి అన్నది వాళ్ల పట్టు. 1566లో గుంపులు చర్చిల్లోకి చొరబడి విగ్రహాలు పగలగొట్టాయి. ఫిలిప్ మరుసటి ఏడు డ్యూక్ ఆఫ్ ఆల్బాను సైన్యంతో పంపాడు. ఆల్బా ప్రత్యేక కోర్టు పెట్టి వందల మందిని ఉరి తీయించాడు. 1568లో ఎగ్మాంట్, హోర్న్ అనే ఇద్దరు పెద్ద ప్రభువుల తలలు బ్రస్సెల్స్‌లో నరికించాడు. వాళ్లిద్దరూ కాథలిక్కులే. తర్వాత ప్రతి అమ్మకం మీదా పదోవంతు పన్ను వేస్తానన్నాడు. మతం గొడవకు దూరంగా ఉన్న దుకాణదారు కూడా దాంతో ఎదురు తిరిగాడు.

ఇక్కడి పెద్ద ప్రభువుల్లో ఒకడైన ఆరెంజ్ విలియం అప్పటికే జర్మనీ పారిపోయి సైన్యం కూడగట్టాడు, మొదట్లో ఓడిపోయాడు. మలుపు తిప్పింది ఆయన కూడా కాదు. "బిచ్చగాళ్లు" అని ఎవరో వెటకరించిన పేరునే బిరుదుగా పెట్టుకున్న సముద్రపు దొంగల దళం ఒకటి 1572 ఏప్రిల్ 1న బ్రీల్ అనే చిన్న రేవు ఊరిని పట్టుకుంది. ఆ వేసవిలో హాలండ్, జీలాండ్ ఊళ్లు ఒకదాని వెంట ఒకటి తిరుగుబాటు వైపు వచ్చాయి. కొన్ని ఇష్టపడి, కొన్ని భయపడి.

మీ అమ్మాయి ఉండే లైడెన్‌ను 1574లో స్పెయిన్ సైన్యం ముట్టడించింది. లోపల ఆకలితో, రోగాలతో వేలమంది పోయారు. చివరికి విలియం మనుషులు కరకట్టలు తెగ్గొట్టి పొలాల మీదికి నీళ్లు వదిలారు. ఆ నీళ్ల మీద అడుగు చదునుగా ఉన్న పడవలేసుకుని అక్టోబరు 3న ఊరికి తిండి చేర్చారు. ఇప్పటికీ ఆ రోజు ఊరంతా పండగ, హెర్రింగ్ చేపలు, తెల్ల రొట్టె పంచుతారు. మరుసటి ఏడు, 1575లో, ఊరికి విశ్వవిద్యాలయం వచ్చింది. మీ అమ్మాయి చదివేది అందులోనే అయి ఉంటుంది.

1579లో ఉత్తర ప్రావిన్సులు ఉట్రెక్ట్‌లో ఒప్పందం రాసుకున్నాయి: యుద్ధం విషయంలో కలిసుందాం, మిగతా విషయాల్లో ఎవరి హక్కులు వాళ్లవి. ఎవరినీ వాళ్ల మతం గురించి విచారించి వేధించకూడదన్న మాట కూడా అందులో ఉంది. 1581లో ఫిలిప్ ఇక మాకు ప్రభువు కాడని ప్రకటించారు. ప్రభువు ఉన్నది ప్రజల కోసం, ప్రజలు ఉన్నది ప్రభువు కోసం కాదు. కాపాడాల్సినవాడు పీడిస్తే అతన్ని వదిలేయొచ్చు అన్నది అందులో వాదన. ఆ పత్రం హేగ్ ఆర్కైవ్‌లోనే ఉంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రాజును వదిలారు కాబట్టి రిపబ్లిక్ కోసమే పోరాడారు అనుకుంటారు. కాదు. వాళ్లు ఇంకో రాజును వెతికారు. ఫ్రాన్స్ రాజు తమ్ముడు ఆంజూ డ్యూకును పిలిచారు. ఆయన చేతిలో ఉన్న అధికారం చాలక ఆంట్వెర్ప్‌ను బలవంతంగా పట్టుకోబోయి పరువు పోగొట్టుకున్నాడు. 1584లో డెల్ఫ్ట్‌లో విలియం హత్యకు గురయ్యాడు. తర్వాత ఇంగ్లండు రాణి ఎలిజబెత్‌ను అడిగారు. ఆమె కిరీటం వద్దని లెస్టర్ అనే ప్రభువును పంపింది. ఆయనతోనూ ఊళ్లకు పడలేదు, 1587 చివర్లో వెళ్లిపోయాడు. ఇక వెతకడం మానేసి 1588 నుంచి తామే నడుపుకున్నారు. ఆ రిపబ్లిక్ ఎవరి కలా కాదు, వేరే దారి లేక మిగిలిన ఏర్పాటు. స్పెయిన్ దాన్ని గుర్తించింది 1648లో. 1568 నుంచి లెక్కేసి దీన్ని ఎనభై ఏళ్ల యుద్ధం అంటారు. మధ్యలో 1609 నుంచి పన్నెండేళ్లు సంధి.

ఆ రిపబ్లిక్ ఎలా నడిచింది

హేగ్‌లో స్టేట్స్ జనరల్ అనే సభ. ఏడు ప్రావిన్సులకు ఒక్కో ఓటు. పెద్ద నిర్ణయాలకు అందరూ ఒప్పుకోవాలి. వచ్చిన ప్రతినిధి సొంతంగా సరే అనలేడు, ప్రావిన్సును అడగాలి, ప్రావిన్సు ఊళ్లను అడగాలి. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో లిఫ్టు రిపేరుకు డబ్బులు వసూలు చేసినట్టు ఉండేది వ్యవహారం. అయినా ఇదే దేశం యుద్ధాలకు కావలసిన అప్పు మిగతా యూరప్ రాజులకంటే తక్కువ వడ్డీకి తెచ్చుకోగలిగింది. అప్పు ఇచ్చేవాళ్లూ, తీసుకునే ప్రభుత్వంలో కూర్చునేవాళ్లూ ఒకే వర్గం కాబట్టి ఎగ్గొడతారన్న భయం లేదు.

స్టాథౌడర్ అనే పదవి ఒకటుంది. పేరుకు ప్రావిన్సుల ఉద్యోగి, సైన్యానికి అధిపతి. ఆరెంజ్ వంశం వాళ్లే వరసగా ఆ పదవిలో ఉండి దాదాపు రాజుల్లా బతికారు. హాలండ్ వ్యాపారులకూ వాళ్లకూ ఎప్పుడూ పడేది కాదు. 1619లో ఆ తగాదాలోనే, రిపబ్లిక్‌ను నిలబెట్టిన వృద్ధ నాయకుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ తల తీశారు. రెండుసార్లు, 1650 తర్వాతా 1702 తర్వాతా, హాలండ్‌తో పాటు చాలా ప్రావిన్సులు స్టాథౌడర్ లేకుండానే దశాబ్దాలు గడిపాయి.

డబ్బు సంగతికి వద్దాం. 1585లో ఆంట్వెర్ప్ స్పెయిన్ చేతిలో పడింది. అక్కడి జనంలో సగం దాకా, వ్యాపారులు, చేతిపనివాళ్లు, ఉత్తరానికి వచ్చేశారు. అప్పుడు 30 వేల చుట్టూ ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ జనాభా 1700 నాటికి రెండు లక్షల దాకా పెరిగింది. సంపద మొత్తం తూర్పు దేశాల మిరియాలు, జాజికాయల నుంచే వచ్చిందనుకోకండి. బాల్టిక్ గింజలు, కలప, హెర్రింగ్ చేపలు, ఉప్పు — ఈ చప్పటి సరుకులే అసలు ఆధారం. డచ్ వాళ్లే ఆ గింజల వ్యాపారాన్ని అన్ని వ్యాపారాలకూ తల్లి అన్నారు. తక్కువ మందితో నడిచే చవక ఓడలు, గాలిమరతో కలప కోసే మిల్లులు వాళ్లకు కలిసొచ్చాయి.

మత సహనం గురించి కూడా కొంచెం తగ్గించి చెప్పుకోవాలి. కాథలిక్కులు బాహాటంగా పూజ చేసుకోకూడదు, ఇళ్ల అటకల మీద చర్చిలు పెట్టుకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అలాంటిది ఒకటి ఇప్పుడు మ్యూజియం. అధికారులకు తెలుసు, చూసీ చూడనట్టు ఉండేవారు, చాలాసార్లు డబ్బు తీసుకుని. మిగతా యూరప్‌తో పోలిస్తే ఇది చాలా మెరుగే. సమాన హక్కులు మాత్రం 1796 దాకా రాలేదు.

మచిలీపట్నం దాకా ఎందుకొచ్చారు?

1602లో ఊళ్ల మధ్య పోటీ మాన్పించడానికి విడివిడి కంపెనీలను కలిపి ఒకటే ఈస్టిండియా కంపెనీ చేశారు. మూలధనం సుమారు 64 లక్షల గిల్డర్లు (అప్పటి డచ్ డబ్బు). వాటాలు ఎవరైనా కొనొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ చిట్టాలో ఇళ్లలో పనిచేసే ఆడమనిషి పేరు కూడా ఉంది. ఆ కంపెనీకి కోటలు కట్టే హక్కు, సైన్యం పెట్టుకునే హక్కు, ఆసియా రాజులతో ఒప్పందాలు చేసుకునే హక్కు ఇచ్చారు.

వాళ్లకు కావలసినవి ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు, బాందా దీవుల్లో దొరికే లవంగాలు, జాజికాయ, జాపత్రి. అక్కడివాళ్లకు యూరప్ సరుకు ఏదీ పెద్దగా అక్కర్లేదు. వాళ్లు అడిగింది కోరమాండల్ బట్టలు. మన తీరం నేతగుడ్డలు, అద్దకపు గుడ్డలు అప్పటికే ఆ దీవుల్లో డబ్బులా చెల్లేవి. అంటే మన బట్ట కొని, అక్కడ అమ్మి, ఆ సుగంధద్రవ్యాలు యూరప్ తీసుకెళ్లాలి. అందుకే కంపెనీ పుట్టిన మూణ్నాలుగేళ్లకే గోల్కొండ సుల్తానుల రేవైన మచిలీపట్నంలో, నిజాంపట్నంలో వర్తక స్థావరాలు పెట్టారు. 1610లో విజయనగర రాజు వెంకటపతి అనుమతితో పులికాట్‌కు వచ్చి, తర్వాత అక్కడ గెల్డ్రియా కోట కట్టుకున్నారు. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, కాకినాడ దగ్గరి జగన్నాథపురం, ఖమ్మం వైపు నాగులవంచ — ఈ పేర్లన్నీ నేను చదివే కాగితాల్లో వంకర టింకర అక్షరాల్లో కనిపిస్తూనే ఉంటాయి. నేతగాళ్లకు ఇచ్చిన అడ్వాన్సులు, అద్దకం రంగు నచ్చలేదని వెనక్కి కొట్టిన తానులు, సుంకం అధికారులకు ఇచ్చిన బహుమానాలు. ఎనభై పాళ్లు లెక్కలే. ఆ కంపెనీ కాగితాలు హేగ్‌లోనే కిలోమీటరుకు పైగా పొడవున్న అరల్లో ఉన్నాయి.

ఈ కథ వ్యాపారంతో ఆగదు. కరువు వచ్చిన ఏళ్లలో ఈ తీరం నుంచి వేలమందిని బానిసలుగా కొని బటావియాకు, ఇతర దీవులకు ఓడల్లో పంపారు. పులికాట్ అందులో ముఖ్యమైన రేవు. బాందా దీవుల్లో 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌స్జోన్ కూన్ నడిపిన దాడి తర్వాత సుమారు 15 వేల జనాభాలో ఆ దీవుల మీద మిగిలింది వెయ్యి మంది దాకా మాత్రమే. చనిపోయినవాళ్లు, పారిపోయినవాళ్లు పోగా చాలామందిని బానిసలుగా తరలించారు. తర్వాత తోటల్లో పనికి బానిసలనే తెచ్చారు. అట్లాంటిక్ వైపు కూడా డచ్ ఓడలు సుమారు 6 లక్షల మంది ఆఫ్రికన్లను తరలించాయి. 17వ శతాబ్దాన్ని "స్వర్ణయుగం" అనడం ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం 2019లో మానేసింది ఇందుకే. ఆ నిర్ణయం మీద ఇక్కడ పెద్ద గొడవే అయింది. నేను ఆ మాట వాడితే ఎవరికి స్వర్ణం అన్నది కూడా చెబుతాను.

మన తీరంలో వాళ్ల పట్టు 18వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ ముందు సడలిపోయింది. 1824 లండన్ ఒప్పందం ప్రకారం 1825లో మిగిలిన స్థావరాలు కూడా బ్రిటిష్ వాళ్లకు అప్పగించారు. మచిలీపట్నం, భీమిలి, పులికాట్‌లలో డచ్ సమాధులు ఇంకా ఉన్నాయి. చాలామంది అవి ఇంగ్లీషువాళ్లవి అనుకుంటారు. రాళ్ల మీద అక్షరాలు జాగ్రత్తగా చూడండి.

పతనం, రాజు రాక

1672ను ఇక్కడ విపత్తు సంవత్సరం అంటారు. ఫ్రాన్స్, ఇంగ్లండ్, మ్యూన్‌స్టర్, కొలోన్ ఒకేసారి మీద పడ్డాయి. మళ్లీ పొలాలను నీళ్లలో ముంచి హాలండ్‌ను కాపాడుకున్నారు. అప్పటిదాకా దేశాన్ని నడిపిన యోహాన్ డి విట్‌నూ, ఆయన అన్ననూ హేగ్ వీధిలో జనం గుంపు చంపి, శవాలను ఛిద్రం చేసింది. ఆరెంజ్ వంశపు మూడో విలియం స్టాథౌడర్ అయ్యాడు, 1689లో భార్యతో కలిసి ఇంగ్లండు సింహాసనం ఎక్కాడు. అప్పటినుంచి వ్యాపారపు కేంద్రం మెల్లగా లండన్‌కు జరిగింది. 18వ శతాబ్దంలో ఇక్కడ డబ్బుంది, చురుకు తగ్గింది. పదవులు కొన్ని కుటుంబాల సొత్తయ్యాయి.

1795లో ఫ్రెంచి సైన్యం వచ్చింది, స్టాథౌడర్ ఇంగ్లండుకు పారిపోయాడు. ఇక్కడి సంస్కరణవాదులే బటావియన్ రిపబ్లిక్ ప్రకటించారు. 1798 రాజ్యాంగంతో మొదటిసారి ప్రావిన్సుల గుత్తాధికారం పోయి ఒకే దేశం, ఒకే ప్రభుత్వం వచ్చింది. అప్పుల్లో మునిగిన ఈస్టిండియా కంపెనీ 1799 చివరితో ముగిసింది. 1806లో నెపోలియన్ తన తమ్ముడు లూయీని హాలండ్ రాజును చేశాడు. ఈ దేశానికి మొదటి రాజు ఒక ఫ్రెంచివాడన్నమాట! 1810లో ఆయన్నీ తీసేసి దేశాన్ని ఫ్రాన్స్‌లో కలిపేశాడు. నెపోలియన్ ఓడాక ఆరెంజ్ వంశపు వారసుణ్ని పిలిచారు. 1815లో ఆయన బెల్జియంతో సహా ఏర్పడిన కొత్త రాజ్యానికి మొదటి విల్లెమ్ రాజయ్యాడు. 1830లో బెల్జియం తిరగబడి విడిపోయింది, ఆయన దాన్ని ఒప్పుకున్నది 1839లో.

1848లో యూరప్ అంతటా విప్లవాలు చెలరేగాయి. రెండో విల్లెమ్ రాజు రాత్రికి రాత్రి ఉదారవాదిగా మారిపోయి, ఉదారవాద నాయకుడు తోర్బెక్కె రాసిన రాజ్యాంగానికి ఒప్పుకున్నాడు. అధికారం మంత్రులకు, పార్లమెంటుకు వెళ్లింది. ఇప్పటి డచ్ రాజ్యవ్యవస్థ మూలం ఇదే.

ఆ శతాబ్దంలో రైళ్లకు, అప్పులు తీర్చడానికి డబ్బు జావా నుంచి వచ్చింది. 1830 నుంచి అక్కడి రైతుల చేత ప్రభుత్వం కోసం కాఫీ, చెరకు, నీలిమందు బలవంతంగా పండించారు. 1850ల్లో డచ్ ప్రభుత్వ ఆదాయంలో దాదాపు మూడోవంతు ఇదే. 1863 జులై 1న దక్షిణ అమెరికాలోని డచ్ వలస సురినామ్‌లో, కరీబియన్ దీవుల్లో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం ఇచ్చింది యజమానులకు. సురినామ్‌లో విముక్తులైనవాళ్లు ఇంకో పదేళ్లు ప్రభుత్వ పర్యవేక్షణలో తోటల్లోనే పనిచేయాలన్నారు. ఆ పదేళ్లు అయ్యేసరికి, 1873లో, కలకత్తా నుంచి కూలీల ఓడ వచ్చింది. హేగ్‌లో మీకు భోజ్‌పురి వాసన ఉన్న హిందీ మాట్లాడే సురినామ్ కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్ల పూర్వీకులు అలా వెళ్లినవాళ్లే.

ఇరవయ్యో శతాబ్దం

ఈ శతాబ్దం మొదట్లో ఇక్కడి సమాజం నాలుగు గుంపులుగా ఉండేది: కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, సోషలిస్టులు, ఉదారవాదులు — ఎవరి బడి వాళ్లది, ఎవరి పేపరు వాళ్లది, చివరికి రేడియో, ఫుట్‌బాల్ క్లబ్బు కూడా. 1917లో పెద్ద బేరం కుదిరింది: మగవాళ్లందరికీ ఓటు, మతపరమైన బడులకు ప్రభుత్వ బడులతో సమానంగా డబ్బు. ఆడవాళ్లకు ఓటు 1919లో. ఈ అడ్డుగోడలు 1960ల్లో కూలాయి. బడుల ఏర్పాటు మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

1940 మే 10న జర్మనీ దాడి చేసింది. 14న రాటర్‌డామ్ నడిబొడ్డును బాంబులతో తగలబెట్టారు, మరునాడే లొంగుబాటు. రాణి విల్‌హెల్మినా లండన్ చేరింది. దేశంలో ఉన్న సుమారు 1,40,000 మంది యూదుల్లో 1,02,000 మంది హతమయ్యారు. పశ్చిమ యూరప్‌లో ఇంత ఎక్కువ శాతం మరెక్కడా లేదు. జనాభా రికార్డులు పక్కాగా ఉండటం, డచ్ గుమాస్తాలు, పోలీసులు చెప్పిన పని చేసుకుపోవడం, పారిపోవడానికి అడవులూ కొండలూ లేకపోవడం, అన్నీ కారణాలే. 1941 ఫిబ్రవరిలో యూదుల అరెస్టులకు నిరసనగా ఆమ్‌స్టర్‌డామ్ కార్మికులు సమ్మె చేశారన్నదీ నిజమే. "అందరూ ప్రతిఘటించారు" అనే కథ యుద్ధం తర్వాత కట్టింది. 1944–45 చలికాలంలో పశ్చిమ ఊళ్లలో ఆకలితో సుమారు 20 వేల మంది చనిపోయారు, జనం తులిప్ గడ్డలు తిన్నారు. మీరు మే నెలలో ఇక్కడుంటే 4వ తేదీ రాత్రి 8 గంటలకు ఎక్కడున్నా రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. ట్రాములు కూడా ఆగుతాయి.

జర్మనీ నుంచి విముక్తి పొందిన దేశమే వెంటనే ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని అణచడానికి లక్షకు పైగా సైనికులను పంపింది. 1945 ఆగస్టు 17న ఇండోనేషియా స్వతంత్రం ప్రకటించుకుంది, డచ్ వాళ్లు అధికారం వదిలింది 1949 డిసెంబరు 27న. ఆ యుద్ధాన్ని దశాబ్దాల పాటు "పోలీసు చర్యలు" అన్నారు. డచ్ సైన్యం తీవ్ర హింసను ఒక పద్ధతిగా వాడిందని 2022లో పెద్ద పరిశోధన ఒకటి తేల్చాక అప్పటి ప్రధాని రుట్టె క్షమాపణ చెప్పారు. బానిసత్వానికి ప్రభుత్వం 2022 డిసెంబరులో, రాజు 2023 జులై 1న క్షమాపణ చెప్పారు. వయసు మళ్లిన డచ్ పొరుగువాళ్లతో ఈ విషయం మాట్లాడేటప్పుడు కాస్త చూసుకోండి. చాలా ఇళ్లలో ఆ యుద్ధానికి వెళ్లొచ్చిన నాన్నో తాతో ఉంటారు.

మిగతాది గబగబా. 1953 ఫిబ్రవరి వరదలో 1,836 మంది పోయారు. దాని తర్వాతే నైరుతి తీరంలో వరదను ఆపే డెల్టా కట్టడాలు. 1959లో గ్రోనింగెన్‌లో సహజవాయువు దొరికింది. సంక్షేమ రాజ్యానికి ఆ డబ్బు ఊతమిచ్చింది, అక్కడి ఇళ్లు మాత్రం వాయువు తీయడం వల్ల వచ్చిన భూకంపాలతో బీటలు వారాయి. ఇప్పుడు ఆ బావులు మూసేశారు. 1975లో సురినామ్ స్వతంత్రమైంది.

చదివే వరస అడిగారు కాబట్టి: ముందు 1566–1588, తర్వాత 1795–1848, తర్వాత 1940–1949, చివర్లో 17వ శతాబ్దం. చాలామంది రెంబ్రాంట్‌తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. బడిపిల్లల కోసం తయారుచేసిన 50 అంశాల జాతీయ చరిత్ర జాబితా ఒకటుంది, అది సరిపోతుంది.

ఒకే పేరు గలవాళ్లతో తికమక పడకండి, నాతో తిరిగినవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 1584లో డెల్ఫ్ట్‌లో హత్యకు గురైన ఆరెంజ్ విలియం రాజు కాదు, తిరుగుబాటు నాయకుడు. 1702లో చనిపోయిన మూడో విలియం ఇంగ్లండులో రాజు, ఇక్కడ స్టాథౌడర్ మాత్రమే. 1815లో కిరీటం పెట్టుకున్న మొదటి విల్లెమ్ నుంచి రాజుల వరస మళ్లీ ఒకటో నంబరుతో మొదలవుతుంది. 1890 నుంచి 2013 దాకా వరసగా ముగ్గురు రాణులు: విల్‌హెల్మినా, యూలియానా, బేయాట్రిక్స్. ఇప్పుడున్నది విల్లెమ్-అలెగ్జాండర్.